తలుపు దగ్గర నిలబడే మనిషి: ఎనిమిది దేశాల్లో సెక్యూరిటీ సేవ తీసుకున్నాక నా సమీక్ష

వైద్య పరికరాల ఎగ్జిబిషన్లు పెట్టే సంస్థలో పద్దెనిమిదేళ్లుగా హాలు ఏర్పాట్లు చూస్తున్నాను. ఏ దేశం వెళ్లినా ముందుగా కుదుర్చుకోవాల్సింది సెక్యూరిటీ ఏజెన్సీనే. స్టాళ్లు లేవకముందే, లారీల్లోంచి పెట్టెలు దిగకముందే గార్డులు వచ్చి నిలబడాలి. ఎగ్జిబిషన్ ముగిసి అందరూ సామాన్లు సర్దుకునే ఆఖరి రాత్రి మరీ జాగ్రత్త కావాలి, వస్తువులు పోయేది అప్పుడే. అల్ట్రాసౌండ్ మిషన్ ప్రోబ్ కోటు జేబులో పట్టేస్తుంది. ఒక్కటి పోయినా స్టాలువాళ్లు మమ్మల్నే అడుగుతారు.

ఇలా ఎనిమిది దేశాల్లో ఒకే సేవను డబ్బిచ్చి తీసుకున్నాను. ఏజెన్సీల పేర్లు ఇక్కడ రాయను. ఒక ఏడాది బాగా చేసిన ఏజెన్సీ సూపర్‌వైజరు మారగానే మరుసటి ఏడాది చెడిపోవడం చాలాసార్లు చూశాను. అలా మారిపోనిది దేశానికీ దేశానికీ ఉన్న తేడా. యూనిఫాం, వాకీటాకీ, మెడలో బ్యాడ్జి అన్నిచోట్లా ఒకేలా కనిపిస్తాయి. ఆ మనిషి వెనక ఉన్న చట్టం, జీతం, శిక్షణ మాత్రం ఒక దేశానివి ఇంకో దేశంలో లేవు. నేను సమీక్షిస్తున్నది వాటినే.

బ్రిటన్‌లో మొదటిసారి పని పడింది 2009లో. గార్డులు వచ్చాక ఒక్కొక్కరి బ్యాడ్జి నంబరు మీరే సరిచూసుకోండని హాలు మేనేజరు చెప్పాడు. అది ఏజెన్సీ చూసుకుంటుంది కదా అన్నాను. "ఇక్కడ ఏజెన్సీకి లైసెన్సు తప్పనిసరి కాదమ్మా, మనిషికే తప్పనిసరి" అన్నాడు. నాకు అంతుపట్టలేదు. తర్వాత చదివితే తెలిసింది. 2001లో అక్కడ ప్రైవేట్ సెక్యూరిటీ పరిశ్రమ చట్టం చేశారు, దాన్ని అమలు చేసే సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ 2003లో మొదలైంది. అంతకుముందు నైట్‌క్లబ్బుల దగ్గర నిలబడే బౌన్సర్లను కొన్ని ఊళ్లలో స్థానిక కౌన్సిళ్లు నమోదు చేసేవి, కొన్ని ఊళ్లలో ఎవరూ చేసేవాళ్లు కాదు. క్లబ్బు తలుపు ఎవరి చేతిలో ఉంటే లోపల మత్తుమందు అమ్మకం వాళ్ల చేతిలో ఉంటుంది. ముఠాలు ఆ తలుపుల కోసం కొట్టుకునేవి. అందుకే చట్టం కంపెనీని పక్కన పెట్టి నేరుగా మనిషిని పట్టుకుంది. నేరచరిత్ర చూస్తారు, శిక్షణ చూస్తారు, గార్డుకు మూడేళ్ల లైసెన్సు ఇస్తారు. డ్యూటీలో అది బయటికి కనిపించాలి. నంబరు తెలిస్తే చాలు, చెల్లుతుందో లేదో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

నేను చూశాను. పద్నాలుగు మందిలో ఒకరి లైసెన్సు గడువు ఆరు వారాల కిందటే ముగిసింది. సూపర్‌వైజరు నన్ను పక్కకు తీసుకెళ్లి, ఈ నాలుగు రోజులకు వదిలేయమన్నాడు. కుదరదన్నాను. ఆ గార్డు యాభై దాటిన మనిషి. రెన్యువల్ ఆఫీసువాళ్లు చూసుకుంటామన్నారని చెప్పి, టీ ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తప్పు ఏజెన్సీది, పోయిన నాలుగు రోజుల కూలి అతనిది. లైసెన్సు మనిషి పేరున ఉండడం మంచిదే. కానీ మనిషి ఒక్కడి మీదే భారం పెట్టి కంపెనీని తేలిగ్గా వదిలేస్తే ఏమవుతుందో ఆ ఉదయం కళ్లారా చూశాను.

అదే లోపం తర్వాత చాలా పెద్ద చోట బయటపడింది. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో కచేరీ ముగిసే వేళ ఆత్మాహుతి దాడి జరిగి 22 మంది చనిపోయారు. దానిపై జరిగిన బహిరంగ విచారణ మొదటి నివేదిక 2021 జూన్‌లో వచ్చింది. పెద్ద సంచితో కూర్చున్న మనిషి మీద అనుమానం కలిగి, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒకాయన అక్కడి సిబ్బందికి చెప్పాడు. పేలుడుకు ఇంకా సుమారు పావుగంట ఉంది. ఆ మాట కంట్రోల్ రూముకు చేరలేదు. గార్డులకు లైసెన్సులు ఇస్తే సరిపోదు, సెక్యూరిటీ కాంట్రాక్టు తీసుకునే కంపెనీలకు కూడా లైసెన్సు తప్పనిసరి చేసే విషయం ఆలోచించండని ఆ విచారణ సూచించింది. ఆ నివేదిక చదివాక మా హాళ్లలో నేను ఒక పద్ధతి పెట్టాను. పని మొదలైన రోజు ఉదయం ప్రతి పోస్టు నుంచీ గార్డు చేత కంట్రోల్ రూముకు మాట్లాడించి చూస్తాను. మూల పోస్టుల్లో సిగ్నల్ అందకపోవడం ఎన్నిసార్లు దొరికిందో లెక్కలేదు.

దక్షిణాఫ్రికా గురించి కొంచెం ఎక్కువ రాయాలి, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన దేశం అదే. 2013లో జోహానెస్‌బర్గ్ గోడౌన్లో మా సామాను దించుకుని తాళాలు వేశాం. అర్ధరాత్రి అలారం మోగింది. కొద్ది నిమిషాల్లో ఒక కారు వచ్చి ఆగింది. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు వేసుకుని, తుపాకులు పట్టుకుని ఇద్దరు దిగారు. పోలీసులనుకున్నాను. కాదు, మేం నెలవారీగా డబ్బు కట్టిన కంపెనీవాళ్లు. అక్కడ దీన్ని ఆర్మ్‌డ్ రెస్పాన్స్ అంటారు. షట్టరు సరిగ్గా పడక అలారం మోగిందని తేలింది. పోలీసులకు ఫోన్ చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఆ దేశంలో ప్రైవేటు గార్డుల నమోదు సంఖ్య 5 లక్షలు దాటింది. మొత్తం పోలీసు సిబ్బందితో పోలిస్తే రెండు రెట్లకు మించి. ఇది జాతివివక్ష పాలన చివరి దశాబ్దాల్లో మొదలైంది. పోలీసు బలగాన్ని ఉద్యమాలు అణచడానికి మళ్లించారు. 1980లో తెచ్చిన నేషనల్ కీ పాయింట్స్ చట్టంతో ముఖ్యమైన ఫ్యాక్టరీలు, సంస్థలు తమ రక్షణ తమ ఖర్చుతోనే చూసుకోవాలన్నారు. పోలీసులు ఖాళీ చేసిన చోటల్లా కంపెనీలు వచ్చి కూర్చున్నాయి. 1994 తర్వాత ప్రభుత్వం మారినా నేరాల భయం తగ్గలేదు, కంపెనీలూ తగ్గలేదు. 2001 చట్టంతో వచ్చిన నియంత్రణ సంస్థ దగ్గర కంపెనీ, గార్డు ఇద్దరూ నమోదు కావాలి. గార్డులకు కింది మెట్టు ఇ (E) నుంచి పై మెట్టు ఎ (A) దాకా గ్రేడ్లున్నాయి, కాంట్రాక్టులో ఏ పోస్టుకు ఏ గ్రేడో రాసుకుంటాం. సేవగా చూస్తే చాలా గట్టిది. నా అనుభవంలో అంత వేగంగా స్పందించినవాళ్లు మరెక్కడా లేరు.

కానీ గోడౌన్ గేటు దగ్గర రాత్రంతా నిలబడ్డ గార్డు ఇంటికి అలారం లేదు. తన బస్తీలో దొంగలు పడితే ఏ కారూ రాదని ఆయనే చెప్పాడు. డబ్బున్నవాళ్ల తలుపులు కాయడానికి పన్నెండు గంటలు నిలబడి, భయం ఉన్న చోటికే తిరిగి వెళ్తాడు. 2006లో అక్కడి గార్డులు జీతాల కోసం నెలల తరబడి సమ్మె చేశారు, ఆ సమ్మె హింసలో పదుల మంది ప్రాణాలు పోయాయి. దాని గురించి అడిగితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత గేటు రిజిస్టరు తెరిచి నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

అమెరికాలో నాకు సేవ బాగాలేదనీ అనలేను, బాగుందనీ అనలేను. రాష్ట్రం మారితే అంతా మారిపోతుంది. దేశమంతటికీ వర్తించే గార్డు లైసెన్సు చట్టం లేదు. కాలిఫోర్నియాలో గార్డు కార్డు కావాలంటే మొత్తం 40 గంటల శిక్షణ. మొదటి 8 గంటలు ముందే పూర్తిచేయాలి, మిగతా 32 గంటలు ఆరు నెలల్లోపు. కొన్ని రాష్ట్రాల్లో ఆయుధం లేని గార్డుకు రాష్ట్రస్థాయి లైసెన్సే అడగరు. ఆ దేశంలో ఈ పరిశ్రమ చాలా పాతది. పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ 1850 ప్రాంతంలో షికాగోలో మొదలైంది. పోలీసు వ్యవస్థ ఇంకా సరిగ్గా లేని చోట్ల రైల్వే కంపెనీలకు వాళ్లే దిక్కు. 1892 జులై 6న హోమ్‌స్టెడ్ ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర సమ్మె కార్మికుల మీదికి సుమారు 300 మంది పింకర్టన్ మనుషుల్ని పడవల్లో దింపబోయారు. కాల్పులు జరిగాయి, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ చేసిన చట్టం ఒక్కటే అన్నది: కేంద్ర ప్రభుత్వం పింకర్టన్ మనుషుల్ని గానీ అలాంటి సంస్థల మనుషుల్ని గానీ పనిలో పెట్టుకోకూడదు. ఫ్యాక్టరీల యజమానుల్ని మాత్రం ముట్టుకోలేదు. మొదట్లో ముట్టుకోనిది తర్వాత ముట్టుకోవడం కష్టం. లాస్ ఏంజెలెస్‌లో మాకు వచ్చిన గార్డుల్లో ఇద్దరు చాలా మంచి పనివాళ్లు, ఒకతను పని మొదలెట్టి మూడో రోజు. ముగ్గురికీ ఒకే బిల్లు.

బ్రెజిల్లో మాత్రం కాగితాలు చూసి నాకు గౌరవం కలిగింది. సావ్ పౌలోలో వచ్చిన గార్డులందరూ 200 గంటల కోర్సు చేసినవాళ్లు, పర్యవేక్షణ ఫెడరల్ పోలీసులది. ఎందుకింత గట్టిగా ఉంది? సైనిక పాలన రోజుల్లో ఆ పాలనను ఎదిరించే సాయుధ విప్లవ ముఠాలు బ్యాంకులు దోచి తమ పోరాటానికి డబ్బు సమకూర్చుకునేవి. 1969లో బ్యాంకులు కాపలా పెట్టుకోవాలని ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది. అక్కడి నుంచి ఎదిగిన పరిశ్రమకు 1983లో పూర్తి చట్టం చేశారు, దాని స్థానంలో 2024లో కొత్తది వచ్చింది. బ్యాంకు కోసం తయారైన మనిషి ఎగ్జిబిషన్ హాల్లోనూ బ్యాంకు గార్డులాగే నిలబడతాడు. సందర్శకులకు దారి చెప్పడానికి మేం వేరే మనుషుల్ని పెట్టుకోవాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన సేవ జపాన్‌లో దొరికింది. 2016లో యొకొహామాలో మా హాలు, అంతకుముందు ఏడాది వాడిన ప్లాన్‌నే పంపాను. ఏజెన్సీవాళ్ల శిక్షణాధికారి దాన్ని వెనక్కి పంపించాడు. ఈసారి ప్రవేశం మెట్ల వైపు ఉంది, పాత ప్లాన్ పనికిరాదన్నాడు. మెట్ల వెడల్పు టేపు పెట్టి కొలిచాడు, ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ విడదీసి గీశాడు. కాస్త విసుగ్గానే, ఇంత అవసరమా అన్నాను. అప్పుడు చెప్పాడు అకాషి గురించి. 2001 జులై 21న ఆ ఊళ్లో బాణసంచా చూడడానికి వెళ్లే జనం, తిరిగి వచ్చే జనం ఒకే పాదచారుల వంతెన మీద ఎదురుపడ్డారు. 11 మంది నలిగి చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలు. అంతకుముందు కార్యక్రమానికి రాసిన ప్లాన్‌నే చాలావరకు దింపేశారని తర్వాత తేలింది. పోలీసులు, నగరపాలక అధికారులతో పాటు సెక్యూరిటీ కంపెనీ బాధ్యుడికీ శిక్ష పడింది. ఆ తర్వాత చట్టం సవరించి, జనసమూహాలను నడిపించే పనికి ప్రత్యేక పరీక్ష పెట్టారు. నేను పంపిన పాత ప్లాన్ నా ముందే టేబుల్ మీద ఉంది. సిగ్గుతో తీసి సంచిలో పెట్టుకున్నాను.

అక్కడ పరిశ్రమ మొదలైంది 1962లో, ఒక్క కంపెనీతో. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో క్రీడాకారుల గ్రామాన్ని కాపలా కాసి ఆ కంపెనీ పేరు తెచ్చుకుంది. ఇప్పుడది సెకామ్. 1966లోనే ఫోను లైన్ల మీద నడిచే అలారం సేవ తీసుకొచ్చింది. 1972లో చట్టం వచ్చింది. గార్డుకు తుపాకీ లేదు, మామూలు పౌరుడికి లేని అధికారం ఒక్కటీ లేదు. యూనిఫాం పోలీసుల యూనిఫాంకు వేరుగా ఉండాలి. అధికారం లేని మనిషి దేనితో పనిచేయాలి? శిక్షణతో, మాటతో, నిలబడే చోటుతో. కొత్తవాళ్లకు 20 గంటలు, పాతవాళ్లకు ఏటా 10 గంటలు శిక్షణ తప్పనిసరి. గంటల లెక్కలో బ్రెజిల్ ముందు ఇది చిన్నది. కానీ ఆఫీసుకు ఒక అర్హత ఉన్న శిక్షణాధికారి ఉండాలన్న నియమం వల్ల మెట్లు కొలిచే మనిషి దొరికాడు. ఒక్క లోటు చెప్పాలి. మా హాలు బయట రోడ్డు దాటించే గార్డుల్లో చాలామంది డెబ్బైకి దగ్గరపడ్డవాళ్లు. మండే ఎండలో వాళ్లు నిలబడి ఉంటే చూడలేక గంటకోసారి మార్చమని అడిగాను, మార్చారు.

సింగపూర్‌లో ఏజెన్సీ నన్నొక ప్రశ్న అడిగింది. నేను పన్నెండు మంది కావాలని రాశాను. వాళ్లు ఫోన్ చేసి, "మేడమ్, ఏం పోతుందని మీ భయం?" అన్నారు. ప్రోబ్‌లు పోతాయని, ఆఖరి రాత్రి అపరిచితులు లోపలికి వస్తారని చెప్పాను. ఏడుగురు చాలు, లోడింగ్ వైపు రెండు కెమెరాలు, సామాను బయటికి వెళ్లేటప్పుడు కాగితం చూసే ఒక్క దారి పెడదామన్నారు. తలలు లెక్కపెట్టి కాంట్రాక్టు ఇవ్వొద్దు, జరగాల్సిన పనిని బట్టి ఇవ్వండని అక్కడి ప్రభుత్వం 2020 మే నుంచి తన శాఖలన్నిటికీ నియమం పెట్టుకుంది. అంతకుముందే, 2016 సెప్టెంబరు నుంచి గార్డు జీతాన్ని నైపుణ్యంతో ముడిపెట్టి మెట్లు కట్టారు. శిక్షణ తీసుకుంటే హోదా, హోదాతో కనీస జీతం పెరుగుతాయి. పాటించని ఏజెన్సీకి లైసెన్సు చిక్కు వస్తుంది. జనాభా తక్కువ, మనుషులు దొరకరు, అందుకే ఉన్న మనిషి విలువ పెంచుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది ఒక్క ప్రోబ్ కూడా పోలేదు.

మన దేశంలో చట్టం 2005లో వచ్చింది. నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల ఫీల్డు శిక్షణ కావాలి. కనీసం 20 పనిదినాలు. కాగితం మీద ఇది జపాన్‌ను, కాలిఫోర్నియాను దాటిపోతుంది. లైసెన్సు మాత్రం ఏజెన్సీకే. గార్డు చేతికి కంపెనీ ఇచ్చే ఐడీ కార్డే దక్కుతుంది. కంపెనీ మారితే అది చెల్లదు, వాడి అనుభవాన్ని పట్టి చూపే కాగితం వాడి దగ్గర ఉండదు. మా హాల్లో ఒక కుర్రాడు రాత్రి డ్యూటీ దిగి, రిలీవర్ రాలేదని అదే బూట్లతో పగటి డ్యూటీ ఎక్కాడు. డబుల్ డ్యూటీ అన్న మాటను సూపర్‌వైజరు ఎంత మామూలుగా అన్నాడంటే, అది కూడా ఒక షిఫ్టు పేరనిపించింది. ముప్పై ఆరు గంటల మెలకువలో ఉన్న మనిషి నా హాలును ఎలా కాయగలడు? శిక్షణ ఎక్కడ తీసుకున్నావు నాయనా అంటే, "యూనిఫాం ఇచ్చినప్పుడు చెప్పారమ్మా, సెల్యూట్ ఎలా కొట్టాలో" అన్నాడు. చట్టంలో ఉన్న 160 గంటలు ఆ కుర్రాడికి ఎవరో బాకీ ఉన్నారు.

అందుకే ఎక్కడ కాంట్రాక్టు రాసుకున్నా ఇప్పుడు నేను మొదట అడిగేది రేటు కాదు. లైసెన్సు ఎవరి పేరున ఉంది? కంపెనీ తప్పు చేస్తే ఎవరికి దెబ్బ తగులుతుంది, గార్డు తప్పు చేస్తే ఎవరికి? రెండు జవాబులూ సరిగ్గా దొరికిన చోట సేవ బాగుంది. జపాన్‌కు, సింగపూర్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. బ్రిటన్‌కు మూడున్నర. బ్రెజిల్‌కూ అంతే. దక్షిణాఫ్రికాకు సేవ వరకే అయితే నాలుగు, కానీ ఆ గేటు దగ్గరి మనిషి గుర్తొస్తే ఇవ్వబుద్ధి కాదు. అమెరికాకు రాష్ట్రాన్ని బట్టి. మన దేశానికి చట్టానికి నాలుగు, అమలుకు ఒకటిన్నర.

దుబాయ్ మిగిలింది. 2016 నాటి 12వ నంబరు చట్టం కింద అక్కడ సిరా అనే సంస్థ ఈ పరిశ్రమను చూస్తుంది. గార్డుకు శిక్షణ, పరీక్ష, కార్డు అన్నీ ఉన్నాయి. కెమెరా ఏ కోణంలో ఉండాలో కూడా నియమాలున్నాయి. హాల్లో ఒక్క లోటు కనబడలేదు. మూడో రోజు నేను ఇంటికి ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే, అప్పటిదాకా మేడమ్ అంటూ వచ్చిన గార్డు దగ్గరికొచ్చి, "అక్కా, మీరు తెలుగువాళ్లా?" అన్నాడు. పాతికేళ్లుంటాయి. వచ్చి పద్నాలుగు నెలలైందట, వారానికి ఏడు రోజులూ పన్నెండు గంటల డ్యూటీ. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా సగం ఉంది, పాస్‌పోర్టు ఆఫీసులోనే ఉంది. పనివాళ్ల పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్ట ప్రకారమే తప్పు. కార్డు అతని జేబులో ఉంది కానీ వీసా కంపెనీ చేతిలో, అందుకని ఆ కార్డు పట్టుకుని వేరేచోటికి పోలేడు. పక్క దేశం ఖతార్‌లో ప్రపంచ కప్‌కు ముందు గార్డులకు సెలవులు లేకుండా పనిచేయించిన తీరును ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2022లో బయటపెట్టినప్పుడు నేను చదివాను, బాధపడ్డాను, మరిచిపోయాను. ఇప్పుడు అదే మనిషి నా హాలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఆ సేవకు బిల్లు కట్టింది నేనే.

మరుసటి ఏడాది కాంట్రాక్టులో రెండు వాక్యాలు చేర్పించాను. మా పనికి వచ్చే ప్రతి గార్డుకూ వారానికో రోజు సెలవు ఉండాలి, జీతం చీటీ మాకు చూపించాలి. ఏజెన్సీ ఒప్పుకోలేదు. రెండో ఏజెన్సీ రేటు పెంచి ఒప్పుకుంది, మా డైరెక్టరుతో పోట్లాడి ఆ రేటు కట్టించాను. ఆ తమ్ముడు అప్పు తీర్చుకుని, ఒప్పందం ముగిశాక ఆ రెండో ఏజెన్సీకే మారాడు. మొన్న మెసేజ్ పెట్టాడు: "శుక్రవారాలు పడుకుంటున్నానక్కా."